రాగి నేల మీద రాక్ సంగీతం

మరుగునపడిన పాటల చరిత్ర - 7వ భాగం

జాంబియా రాక్ సంగీతం ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు చల్లబడిందో తెలియాలంటే సంగీత చరిత్ర పుస్తకాలకన్నా ముందు లండన్ లోహాల మార్కెట్లో రాగి ధరలు చూడాలి. 1960ల రెండో సగంలో రాగికి మంచి ధర పలికింది. ఆ రోజుల్లోనే గని ఊళ్లలో కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లు చేతబట్టారు. 1974 మొదటి నెలల్లో ధర అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లింది. ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ వచ్చినన్ని గొప్ప రికార్డులు ఆ దేశంలో మళ్లీ రాలేదు. ఎక్కిన ధర ఆ ఏడాదిలోనే సగానికి పడిపోయింది. ఆ దశాబ్దం ముగిసేసరికి బ్యాండ్లు ఒక్కొక్కటిగా విడిపోయాయి. పట్టుమని పదేళ్లు నిలవని ఆ సంగీతానికి ‘జామ్‌రాక్’ అని పేరు. ఆ పేరు మనాసే ఫిరి అనే రేడియో వ్యాఖ్యాత పెట్టాడని చెప్తారు.

కిందటి భాగంలో డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ కథ చెప్పుకున్నాం. అమెరికాలో ఎవరూ కొనని ‘కోల్డ్ ఫ్యాక్ట్’ దక్షిణాఫ్రికాలో ఇంటింటా మోగడం, 2008లో మళ్లీ విడుదలయ్యాక సొంత దేశం ఆయన్ని గుర్తుపట్టడం చూశాం. అది ఒక్క మనిషి కథ. ఆ దక్షిణాఫ్రికాకు ఉత్తరాన, జాంబెజీ నది దాటాక ఉన్న దేశంలో ఒక తరం సంగీతకారులంతా కలిసి మరుగునపడ్డారు. వాళ్ల రికార్డులు ముప్పై నలభై ఏళ్ల తర్వాత తిరిగి మోగేటప్పటికి వాయించినవాళ్లలో చాలామంది బతికి లేరు. ఈ ధారావాహికలో నేను మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్న ఇక్కడ మరింత గట్టిగా ఎదురవుతుంది. పాత రికార్డును శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసినప్పుడు మనకు తిరిగి దక్కేది ఏమిటి? ఎవరికి దక్కాల్సింది ఎవరికి దక్కుతోంది?

ముందు రేడియో సంగతి చెప్పాలి. గిటార్లకన్నా ముందు ఆ దేశపు పల్లెల్లోకి వెళ్లింది రేడియోనే. అప్పట్లో ఆ ప్రాంతం పేరు ఉత్తర రొడీషియా, బ్రిటిష్ వాళ్ల ఏలుబడి. లుసాకా నుంచి ఆఫ్రికన్ భాషల్లో ప్రసారాలు మొదలయ్యాయి గానీ వాటిని వినే స్తోమత ఆఫ్రికన్లకు లేదు. కరెంటు లేదు, రేడియో సెట్టు ధర అందుబాటులో లేదు. హ్యారీ ఫ్రాంక్లిన్ అనే సమాచారశాఖ అధికారి కంపెనీల చుట్టూ తిరిగి, బ్యాటరీల కంపెనీ ఎవర్ రెడీని ఒప్పించాడు. 1949లో చవక రేడియో తయారైంది. వంటగిన్నెలాంటి గుండ్రటి అల్యూమినియం డబ్బా, దానికి నీలం రంగు. ధర 5 పౌండ్లు, బ్యాటరీకి మరో పౌండు పావు. ఆ బ్యాటరీ 300 గంటలు నడిచేది. జనం దానికి ‘సాస్‌పాన్ స్పెషల్’ అని పేరు పెట్టుకున్నారు. ఒక సెట్టు చుట్టూ ఊరంతా చేరేది.

ఆ రేడియోలో అందరికీ తెలిసిన గొంతు ఆలిక్ ఎన్‌కాటాది. ఆయన పల్లెల్లో తిరిగి జానపద గీతాలు రికార్డు చేశాడు, తనే పాటలు కట్టి గిటారు మీద పాడాడు. 1978లో దక్షిణాన ఉన్న పొరుగు దేశం రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) సైన్యం జాంబియాలోకి చొరబడి ఎంకుషి దగ్గర విమోచన పోరాట శిబిరం మీద దాడి చేసినప్పుడు, ఆ పక్కనే తన పొలం దగ్గర ఉన్న ఎన్‌కాటా ఆ కాల్పుల్లో చనిపోయాడు. ఆయన పాటలు కూడా తర్వాత లండన్‌లో మళ్లీ అచ్చయ్యాయి. రాక్ కుర్రాళ్ల కథలో ఆయన ప్రస్తావన ఎందుకంటే, ఆ కుర్రాళ్లంతా చిన్నప్పుడు విన్న మొదటి గిటారు ఆయనదే. ఇంగ్లండు రికార్డులు విని వీళ్లు సంగీతం నేర్చుకున్నారన్న మాటలో సగమే నిజం ఉంది.

1964 అక్టోబరు 24న జాంబియా స్వతంత్రమైంది. గాంధీని ఆరాధించి, అహింసను నమ్మి ఉద్యమం నడిపిన కెన్నెత్ కౌండా అధ్యక్షుడయ్యాడు. ఆయన కూడా గిటారు వాయించేవాడు. సైకిలు మీద గిటారు పెట్టుకుని ఊరూరా తిరిగి పాటలు పాడి ప్రచారం చేసిన నాయకుడు. పాలకులు వదిలి వెళ్లిన దేశంలో విశ్వవిద్యాలయ పట్టా ఉన్న జాంబియన్లు వందమందికి అటూ ఇటూగా ఉన్నారు. ఉన్న ఆస్తి రాగి ఒక్కటే. ఎగుమతుల ఆదాయంలో నూటికి తొంభై పాళ్లు దానిదే. 1969లో ఆ దేశం ఏడు లక్షల టన్నులకు పైగా రాగి తీసింది. అదే ఏడాది కౌండా గనుల్లో 51 శాతం వాటా ప్రభుత్వానిదే అని ప్రకటించాడు.

కిట్వే, ఎన్‌డోలా, చింగోలా, ముఫులిరా, లువాన్‌షా. కాపర్‌బెల్ట్ అని పిలిచే ఆ ప్రాంతంలో ఈ ఊళ్లన్నీ గనుల చుట్టూ పెరిగినవే. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే కార్మికులు, వాళ్లకోసం కంపెనీలు కట్టిన క్లబ్బులు, హాళ్లు. తెల్ల ఉద్యోగుల పిల్లల దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన రికార్డులుండేవి. రోలింగ్ స్టోన్స్, జిమీ హెండ్రిక్స్, డీప్ పర్పుల్, గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్ ఆ దారినే ఆఫ్రికన్ బస్తీల్లోకి వచ్చాయి. 1970లో జేమ్స్ బ్రౌన్ స్వయంగా జాంబియాకు వచ్చి పాడాడు. కొన్నేళ్లకు ఘనా సంగీతకారులు లండన్‌లో నెలకొల్పిన ఒసిబిసా బృందం వచ్చింది. తమ పల్లె తాళాన్ని ఎలక్ట్రిక్ గిటారు పక్కన నిలబెట్టవచ్చని ఒసిబిసాను చూశాక చాలామందికి ధైర్యం వచ్చింది.

కిట్వేలో ఇమ్మాన్యుయేల్ చందా అనే కుర్రాడు మిక్ జాగర్‌లా ఎగిరి పాడేవాడు. జనం అతన్ని ‘జగారి’ అన్నారు. అసలు పేరుకన్నా ఆ పేరే నిలిచింది. అతను పాడిన బృందం ‘విచ్’. క్రిస్ ఎంబేవే లీడ్ గిటారు, జాన్ మూమా రిథమ్ గిటారు, గెడియన్ ములెంగా బేస్, బోయిడీ సింకాలా డ్రమ్స్. సాయంత్రం ఏడింటికి మొదలైన వాళ్ల కచేరీ అర్ధరాత్రి దాటాక గానీ ఆగేది కాదు. పట్టనంత జనం వస్తే పోలీసులు వచ్చి అదుపు చేయాల్సి వచ్చేది. ఇటు రికీ ఇలిలోంగా నాయకుడుగా ‘ముసి-ఓ-తున్యా’ తయారైంది. విక్టోరియా జలపాతానికి అక్కడి ప్రజలు పెట్టుకున్న పేరే ఆ బృందానికీ పెట్టుకున్నారు. పాల్ ఎన్‌గోజీ పళ్లతో గిటారు తీగలు మీటేవాడు. అతని డ్రమ్మర్ క్రిసీ జెబీ టెంబో తన పేరుతో ‘మై ఆన్సెస్టర్స్’ చేశాడు. కీత్ మ్లేవు తన రికార్డుల్లో వాద్యాలన్నీ తనే వాయించాడు. ‘అమనాజ్’ 1975లో ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది, దాని పేరు ‘ఆఫ్రికా’. నన్నడిగితే మొత్తం జామ్‌రాక్‌లో అంతకు మించింది లేదు.

వాయించడానికి బృందాలు పుట్టాయి గానీ రికార్డు చేయడానికి దేశంలో సరైన ఏర్పాట్లు లేవు. చాలా పాటలు కెన్యా రాజధాని నైరోబీ వెళ్లి రికార్డు చేసుకొచ్చారు. విచ్ మొదటి ఆల్బమ్ ‘ఇంట్రడక్షన్’ వాళ్లు సొంతంగా వేసుకున్నదే. కచేరీల దగ్గర చేత్తో అమ్ముకున్నారు. ఎన్‌డోలాలో రికార్డుల వ్యాపారం చేసే ఎడ్వర్డ్ ఖుజ్వాయో ‘జాంబియా మ్యూజిక్ పార్లర్’ పేరుతో సొంత లేబుల్ పెట్టి అమనాజ్, ఎన్‌గోజీలవంటివాళ్లను వెలుగులోకి తెచ్చాడు. టీల్ రికార్డ్ కంపెనీ కొన్ని వేసింది. వందల్లో, మహా అయితే కొన్ని వేలల్లో అచ్చయిన రికార్డులవి. ఇంగ్లండు, అమెరికాలకు వెళ్లింది దాదాపు ఏమీ లేదు.

కౌండా ప్రభుత్వం రేడియోలో మోగే సంగీతంలో 95 శాతం జాంబియాదే కావాలని ఆదేశించింది. ఈ ఆదేశం రాక్ బృందాలకు మొదట వరంలా పనిచేసింది. దేశంలో అప్పటికి సిద్ధంగా ఉన్న ఆధునిక సంగీతం వాళ్లదే కదా. కానీ ప్రసారాలు ఏడు దేశభాషల్లో జరిగే రేడియో అది. వినేవాళ్లు సొంత భాషల పాటలు కోరారు. ఇంగ్లిష్‌లో పాడుతున్న బృందాలు బెంబా, న్యాంజా భాషల వైపు తిరిగాయి. పల్లె తాళం మీద నడిచే ‘కలిందులా’ నెమ్మదిగా ముందుకొచ్చింది. పాల్ ఎన్‌గోజీ ఆ మార్పును అందుకుని చివరిదాకా జనంలో ఉన్నాడు. అందుకోలేనివాళ్లు వెనకబడ్డారు.

ఆ సంగీతం ఎలా ఉంటుందో రెండు మాటలు. ఫజ్ పెడల్ తొక్కితే గిటారు గొంతు చీరుకుపోయినట్టు పలుకుతుంది. ఆ మోత కింద బేస్, డ్రమ్స్ మాత్రం ఆఫ్రికన్ నాట్యానికి తగ్గట్టు నింపాదిగా, గుండ్రంగా తిరుగుతుంటాయి. పైన గొంతు ఏ ఆర్భాటమూ లేకుండా, పక్కింటి మనిషి మాట్లాడినంత మామూలుగా ఉంటుంది. పరికరాలు చవకవి, స్టూడియో సౌకర్యాలు తక్కువ. ఆ లేమిని దాచేందుకు ఎవరూ ప్రయత్నించలేదు. నాకు అందులోని నిజాయితీయే నచ్చుతుంది. ప్రేమ, తాగుడు, ఊరు వదిలి పట్నం వచ్చినవాడి ఒంటరితనం, పూర్వీకుల తలపు, నల్లజాతి ఆత్మగౌరవం. అప్పుడే స్వతంత్రమైన దేశంలో ఇరవై ఏళ్ల కుర్రాడు ఏమేం ఆలోచించాడో ఏ ప్రభుత్వ దస్తావేజులోనూ దొరకదు. ఈ రికార్డుల్లో దొరుకుతుంది.

తర్వాత కష్టాలు వరసగా వచ్చాయి. 1973లో రొడీషియాతో సరిహద్దు మూతపడింది, రాగి ఓడరేవుకు చేరే పాత దారి తెగింది. అదే ఏడాది చివర చమురు ధరలు మండాయి. మరుసటి ఏడాది రాగి కుప్పకూలింది. చుట్టుపక్కల దేశాల విమోచన పోరాటాలకు జాంబియా ఆశ్రయమిచ్చినందుకు బాంబు దాడులు, కర్ఫ్యూలు, రాత్రిళ్లు దీపాలార్పే రోజులు వచ్చాయి. రాత్రి కచేరీలు లేకపోయేసరికి బృందాలు పగటిపూట వాయించాయి. గిటారు తీగలు, యాంప్లిఫయర్ విడిభాగాలు కొనడానికి విదేశీ మారకం దొరకలేదు. డిస్కో వచ్చింది. దొంగ క్యాసెట్లు వచ్చి రికార్డుల అమ్మకాన్ని చంపేశాయి. 1977లో జగారి బృందం వదిలి, సంగీతం పాఠాలు చెప్పే ఉపాధ్యాయ శిక్షణకు లుసాకాలోని ఎవెలిన్ హోన్ కాలేజీలో చేరాడు. మిగిలినవాళ్లు కొన్నాళ్లు డిస్కో వాయించి ఆపేశారు. ఇలిలోంగా డెన్మార్క్ వెళ్లిపోయాడు.

ఆ పైన ఎయిడ్స్. జాంబియాలో 1980ల మధ్యలో బయటపడిన ఆ వ్యాధి 1990లకల్లా పెద్దవాళ్లలో దాదాపు ఏడుగురిలో ఒకరికి సోకింది. ఊరూరా తిరిగి బతికే సంగీతకారుల మీద దాని దెబ్బ ఇంకా ఎక్కువ. విచ్ తొలి సభ్యుల్లో జగారి ఒక్కడే మిగిలాడు. పాల్ ఎన్‌గోజీ 1989లో పోయాడు. జగారి చివరకు రంగురాళ్ల గనుల్లో తవ్వకానికి దిగాడు. రాగి ఊరిలో పాడి పేరు తెచ్చుకున్న మనిషి అరవై ఏళ్ల వయసులో మట్టి తవ్వి రాళ్లు ఏరి పొట్టపోసుకున్నాడు.

ఈలోగా ఆ రికార్డులు మాత్రం ప్రయాణం మొదలుపెట్టాయి. యూరప్, అమెరికాల్లో అరుదైన రాక్ రికార్డులు వెతికి సేకరించేవాళ్ల ఒక లోకం ఉంది. జాంబియా వదిలి వెళ్లిన తెల్ల కుటుంబాల పెట్టెల్లో, ఆఫ్రికా సంతల్లో దొరికిన ఎల్పీలు ఒకటీ అరా వాళ్ల చేతికి చిక్కాయి. ఒక్కో రికార్డు వందల డాలర్లు, కొన్ని వేల డాలర్లు పలికాయి. ఆ డబ్బులో ఒక్క సెంటు కూడా పాడినవాడికి చేరే దారి లేదు. కొన్ని దొంగ అచ్చులూ బజారుకొచ్చాయి. కొన్ని చిన్న లేబుళ్లు నిజంగానే ప్రేమతో మళ్లీ విడుదల చేశాయి. జర్మనీకి చెందిన షాడోక్స్ వాటిలో ముందుది. 2002లో లాస్ ఏంజెల్స్‌లో ‘నౌ-అగైన్’ లేబుల్ పెట్టిన ఈయోథెన్ అలపాట్ దీన్ని ఒక పెద్ద పనిగా పెట్టుకున్నాడు. డెన్మార్క్‌లో ఉన్న ఇలిలోంగాతో, జాంబియాలో ఉన్న జగారితో మాట్లాడి, ఒప్పందాలు రాసుకుని పని మొదలుపెట్టాడు. 2010లో ఇలిలోంగా, ముసి-ఓ-తున్యా రికార్డింగులు ‘డార్క్ సన్‌రైజ్’ పేరుతో వచ్చాయి. 2012లో జగారి కాలపు విచ్ ఆల్బమ్‌లన్నీ ఒక పెట్టెగా వచ్చాయి. 2017లో ‘వెల్కమ్ టు జామ్‌రాక్’ రెండు భాగాలు వచ్చాయి. వాటితోపాటు ఉన్న చరిత్ర పుస్తకంలో జాంబియా సంగీత చరిత్రకారుడు లెనార్డ్ కొలోకో భాగస్వామి. ఆయన పేరు అట్ట మీద ఉండటం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఒక దేశపు పాటల కథను ఆ దేశపు మనిషి చెప్పడం ఇలాంటి పెట్టెల్లో తరచూ కనబడదు.

ఇక రీమాస్టరింగ్ పని. పాఠకులు దీన్ని ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

స్టూడియోలో మొదట రికార్డయిన మాస్టర్ టేపు దొరికితే అదృష్టం. దొరికినా తేలిగ్గా మోగదు. 1970ల్లో వచ్చిన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని అంటిపెట్టుకునే జిగురు తేమను పీల్చుకుని జిడ్డుగా మారుతుంది. అలాగే మోగిస్తే పొడి ఊడి, పాట అక్కడికక్కడే చెరిగిపోతుంది. అందుకని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెడతారు. ఆ తర్వాత కొద్దికాలమే గడువు, ఈలోగా కాపీ తీసుకోవాలి. జామ్‌రాక్‌లో చాలా ఆల్బమ్‌లకు ఆ టేపులే లేవు. కంపెనీలు మూతపడ్డాయి, గోదాములు ఖాళీ అయ్యాయి.

టేపు లేకపోతే మిగిలేది అచ్చయిన రికార్డు. ఒకే ఆల్బమ్‌కు దొరికినన్ని ప్రతులు తెప్పిస్తారు. ఒకదానిలో మొదటి పాట బాగుంటుంది, ఇంకోదానిలో నాలుగోది. కడిగి, ఆరబెట్టి, గాడిలో ఇంకా అరగని భాగాన్ని తాకేలా సూది మార్చి మార్చి మోగించి చూస్తారు. పాత సూది గాడి గోడను ఒక ఎత్తులో అరగదీసి ఉంటే, వేరే ఆకారపు సూది ఆ కిందో పైనో ఉన్న తాజా గోడను పట్టుకోగలదు. రికార్డు మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు ఉన్నా శ్రుతి ఊగుతుంది, దాన్ని సరిచేయాలి. ఒక వైపు ఆఖరు పాట ఎప్పుడూ కాస్త నలిగినట్టే వినిపిస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గి, అదే సమయంలో సూది కింద తక్కువ పొడవు నడుస్తుంది కాబట్టి పై స్థాయి ధ్వనులు ఇరుక్కుపోతాయి. దాన్ని కొంతవరకే బాగుచేయగలరు.

అసలు కష్టం కంప్యూటర్లోకి ఎక్కించాక మొదలవుతుంది. టిక్కు టిక్కుమనే చప్పుళ్లను తీసేసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అవి గీత పడిన చప్పుడుకూ, డ్రమ్ము మీద కర్ర పడిన మొదటి క్షణానికీ తేడా ప్రతిసారీ గుర్తుపట్టలేవు. మొరటుగా వాడితే డ్రమ్మర్ చేతిలో పదును పోతుంది. జామ్‌రాక్‌కు ఇంకో చిక్కు, ఫజ్ గిటారు. ఆ ధ్వని స్వభావమే గరగర. రొద తగ్గించే యంత్రానికి అది కూడా రొదలాగే కనిపిస్తుంది. ఆ రొదతోపాటు తాళాల మోత సన్నబడి ఆరిపోయే తోక, గదిలో ఉన్న గాలి అన్నీ పోతాయి. అలా పాడైన రీమాస్టర్లు బజార్లో చాలానే ఉన్నాయి. ఈ మధ్యకాలపు మరో రోగం, పాట మొత్తాన్ని ఒకే పెద్ద శబ్దానికి పెంచేయడం. నెమ్మదిగా మొదలై ఎగసే పాట మొదటినుంచీ అరుస్తూనే ఉంటుంది. మొదటిసారి వినగానే ఆకట్టుకుంటుంది, మూడో పాటకు చెవి అలసిపోతుంది.

అమనాజ్ ‘ఆఫ్రికా’ దగ్గర ఒక అరుదైన సమస్య వచ్చింది. ఆ ఒక్క రికార్డింగు 1975లోనే రెండు రకాల మిక్స్‌లుగా బయటికి వచ్చింది. ఒకదానిలో గొంతు, వాద్యాలు ఎక్కడివక్కడ పొడిగా, దగ్గరగా వినిపిస్తాయి. రెండోదానిలో అన్నిటి మీదా ప్రతిధ్వని దట్టంగా పరిచారు, పాట ఎక్కడో లోయలోంచి వస్తున్నట్టుంటుంది. ఏది అసలుది? సేకర్తలు దీని మీద చాలా వాదించుకున్నారు. నౌ-అగైన్ రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి విడుదల చేసింది. ఇది చాలా సరైన నిర్ణయం. ఇంకో కంపెనీ అయితే తమకు నచ్చినదాన్ని ఎంచుకుని, దానికి మెరుగు పెట్టి, ఇదే ప్రామాణికం అనేది. అప్పుడు రెండో రూపం చరిత్రలోంచి మాయమయ్యేది. పాత గ్రంథానికి రెండు తాళపత్ర ప్రతులు దొరికితే పాఠాంతరాలన్నీ అడుగున ఇచ్చి అచ్చువేసే మన పండితుల పద్ధతికీ దీనికీ తేడా లేదు. రికార్డుల ప్రపంచంలో ఆ క్రమశిక్షణ ఇంకా కొత్త.

రెండు మిక్స్‌లూ వరసగా వింటే మనకు ఇంకొకటి అర్థమవుతుంది. మంచి రీమాస్టరింగ్ అంటే పాటను కొత్తగా తయారుచేయడం అనుకునేవాళ్లు చాలామంది. జామ్‌రాక్ రికార్డుల్లో మేలైనవి అలా లేవు. చవక యాంప్లిఫయర్ చవకగానే వినిపిస్తుంది. గాయకుడు మైకుకు దూరం జరిగితే దూరం జరిగినట్టే తెలుస్తుంది. తీసేసింది నలభై ఏళ్ల దుమ్మును. స్టూడియోలో ఆ రోజు జరిగినదాన్ని మాత్రం అలాగే ఉంచారు. నేను రీఇష్యూలను ఈ ఒక్క కొలతతోనే చూస్తాను. దీనికి నిలబడని పెట్టె ఎంత అందమైన అట్టతో వచ్చినా కొనమని ఎవరికీ చెప్పను.

ధ్వని తర్వాత డబ్బు. ఈ విషయం గురించి సంగీత పత్రికలు ఎక్కువ రాయవు. మరణించిన సంగీతకారుడి రికార్డు మళ్లీ వేయాలంటే ఎవరితో ఒప్పందం చేసుకోవాలి? వీలునామాలు లేవు, లేబుల్ మూతపడింది, వారసులు ఎక్కడున్నారో తెలియదు. వెతకడానికి ఖర్చవుతుంది, అమ్మేది కొన్ని వేల ప్రతులే. వెతక్కుండా వేసేసినా అడిగేవాడు లేడు. జాంబియా నుంచి పాత ఎల్పీ పట్టుకొచ్చి కంప్యూటర్లో ఎక్కించి అమ్ముకున్నవాళ్ల ధైర్యం అదే. బతికున్న మనిషిని వెతికి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, వాటా ఇచ్చి వేసిన రికార్డుకూ, వెతక్కుండా వేసినదానికీ వినేటప్పుడు తేడా తెలియకపోవచ్చు. జగారికి మాత్రం ఆ తేడా జీవనాధారమైంది.

2012 తర్వాత జగారిని విదేశాలకు పాడటానికి పిలిచారు. ఇటలీ దర్శకుడు జియో అర్లొట్టా, డచ్ సంగీతకారులు జాకో గార్డ్‌నర్, నిక్ మౌస్కొవిచ్‌తో కలిసి 2014లో జాంబియా వెళ్లి ఆయన్ని కలిశాడు. దాంట్లోంచి 2019లో ‘వీ ఇంటెండ్ టు కాజ్ హావక్’ డాక్యుమెంటరీ వచ్చింది. కొత్త సభ్యులతో విచ్ మళ్లీ నిలబడి యూరప్, అమెరికా తిరిగింది. డిస్కో రోజుల్లో బృందంలో ఉన్న ప్యాట్రిక్ మ్వొండెలా కీబోర్డు దగ్గరకు తిరిగొచ్చాడు. 2023లో ‘జాంగో’ అనే కొత్త ఆల్బమ్ విడుదలైంది. దాన్ని లుసాకాలోనే రికార్డు చేశారు. డెబ్బై దాటిన జగారి ఇప్పటికీ వేదిక మీద ఎగిరే పాడుతున్నాడు.

2024 అక్టోబరులో అమెరికన్ ర్యాపర్ టైలర్ ద క్రియేటర్ ‘నాయిడ్’ అనే పాట విడుదల చేశాడు. ఆ పాటకు పునాది పాల్ ఎన్‌గోజీ బృందం ‘ఎన్‌గోజీ ఫ్యామిలీ’ 1977లో చేసిన ‘నిజాకుపంగా ఎన్‌గోజీ’. పాల్ ఎన్‌గోజీ పోయిన 35 ఏళ్లకు అతని గిటారు కోట్ల చెవుల్లో మోగింది. ఆ రికార్డు మళ్లీ విడుదల కాకపోయి ఉంటే లాస్ ఏంజెల్స్‌లో కూర్చున్న మనిషికి అది వినిపించే అవకాశమే లేదు.

ఇంత జరిగినా నాకు ఒక అసంతృప్తి ఉంది. ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్, జపాన్ సేకర్తల బల్లల మీదికి చేరాయి. వాటి ధర కిట్వేలో గని కార్మికుడికి అందేది కాదు. విచ్ బృందం ఒకప్పుడు ఏ హాళ్లలో పాడిందో ఆ ఊళ్ల పిల్లలు తమ తాతల పాటలను విదేశీ పత్రికల్లో చదివాక తెలుసుకోవడం సరైన పరిస్థితి కాదు. ఫోన్లలో పాటలు వినే సౌకర్యం వచ్చాక కొంత మారింది. ఇంకా మారాల్సింది చాలా ఉంది. సేకర్తల దగ్గర మిగిలిన అసలు ప్రతుల్లో ఒక్కొక్కటైనా లుసాకాకు తిరిగి వెళ్లాలి. ప్రభుత్వ రేడియో భాండాగారంలోని టేపుల్ని ఆరబెట్టి కాపీ చేసే పని అక్కడే, అక్కడివాళ్ల చేతుల మీదుగా జరగాలి. దానికయ్యే ఖర్చు ఒక పెద్ద రికార్డు కంపెనీకి లెక్కలోకి రాదు.

వినాలనుకునే పాఠకులు అమనాజ్ ‘ఆఫ్రికా’తో మొదలుపెట్టండి. ముందు పొడి మిక్స్, తర్వాత ప్రతిధ్వని మిక్స్. ఆ పైన విచ్ ‘లేజీ బోన్స్’, ముసి-ఓ-తున్యా ‘వింగ్స్ ఆఫ్ ఆఫ్రికా’. క్రిసీ జెబీ టెంబో ‘మై ఆన్సెస్టర్స్’ రాత్రిపూట వినండి. కొనేటప్పుడు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎవరి అనుమతితో వేశారో అక్కడ రాసి ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

వచ్చే భాగంలో కంబోడియా వెళ్తాం. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సైన్యం నోమ్‌పెన్‌లో అడుగుపెట్టక ముందు ఆ నగరంలో రికార్డయిన పాటల కథ అది. గాయకుడు సిన్ సిసముత్, గాయని రోస్ సెరేసోథియా ఇద్దరూ ఆ నాలుగేళ్లలో కనిపించకుండా పోయారు.